ఐదు పువ్వుల అధ్యాయం

ఆవిడ నవలలు నేను మూడు వందలు చదివానని మా వీధిలో చెప్పుకుంటూ ఉంటాను. లెక్క అడిగినవాళ్ళు లేరు గనక ఇన్నాళ్ళూ చెల్లిపోయింది. అసలు ఆవిడ జన్మంతా రాసినవి కలిపినా అందులో సగం ఉండవు. పోనీ ఉన్నవన్నీ చదివానా అంటే, కళ్ళతో చదివినవి పదకొండు. మిగతావి చెవులతో చదివాను. ఆ చెవుల సంగతి చెప్పడానికే ఇదంతా.

ఆవిడ ఎవరో చెప్పను. తొంభైల్లో వారపత్రిక వచ్చే ఇంట్లో ఆవిడ పేరు తెలియని ఆడవాళ్ళు లేరు, తెలుసునని ఒప్పుకున్న మగవాళ్ళూ లేరు. నేను ఆ ఒప్పుకోని జాతిలో పెద్దని. ఆవిడ నాకు స్వదస్తూరీతో ఉత్తరం రాసిందని కూడా చెబుతుంటాను. ఉత్తరం వచ్చిన మాట నిజమే, దస్తూరీ ఆవిడదే. చిరునామాలో ఉన్నది మాత్రం మా ఆవిడ పేరు. పోస్ట్‌మేన్ చేతిలోంచి అందుకున్నది నేను. ఆ కాస్త సంబంధాన్నే ఇన్నేళ్ళూ పెంచి పోషించాను.

నరసాపురంలో కాలవ మీద లాకు దగ్గర నా ఉద్యోగం. ఎవరైనా అడిగితే, ముప్పై ఏళ్ళు గోదావరి నా చేతిలో ఉండేదని అంటాను. పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి గేజి మీద నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాయడం నా పని. తలుపులు తిప్పేది లస్కర్లు. ఎప్పుడైనా ఉత్సాహపడి నేనో చెయ్యి వెయ్యబోతే, "మీరు పక్కకి జరగండి గుమాస్తాగారూ, పంచె చుట్టుకుంటది" అనేవారు. గోదావరికీ నాకూ ఉన్న చనువు అంతే.

పొద్దునకీ సాయంత్రానికీ మధ్య నాకు పని ఉండేది కాదు. అన్నం తిని ముందుగదిలో నిద్రపోయేవాణ్ణి. నిద్రపోతున్నానని ఇంట్లో చెప్పేవాణ్ణి అనడం సరైన మాట.

మా వైపు ఆడవాళ్ళకి మధ్యాహ్నమంటే లేసు. ఎవరి దారపు ఉండ వాళ్ళు పట్టుకుని, ఎవరిదో ఒక అరుగు మీద చేరతారు. మా అరుగు వెడల్పు, నీడపట్టున ఉంటుంది, అందుకని మా ఇంటికే వచ్చేవారు. కొసని చిన్న కొక్కెం ఉండే సన్నటి సూదితో దారం లాగి ముడేసి, లాగి ముడేసి ఒక్కొక్క పువ్వే అల్లుతారు. పువ్వులు పోగయ్యాక ఒకదానికొకటి అతికితే బల్లగుడ్డో దుప్పటో తయారవుతుంది. అతకడం అందరి వల్లా కాదు. ఎక్కడ అతికారో కనపడకుండా అతకాలి. ఆ పనిలో మా ఆవిడ చెయ్యి పెట్టింది పేరు. ఇది మాత్రం నేను పెంచి చెబుతున్నది కాదు.

అల్లేవాళ్ళకి చేతులకే పని, చెవులు ఖాళీ. అంచేత ఒకరు చదవాలి, మిగతావాళ్ళు వినాలి. చదివే మనిషి చేతులు ఆగిపోతాయి కదా, అందుకని వినేవాళ్ళు తలా ఒక పువ్వు ఎక్కువ అల్లి ఆ మనిషి బుట్టలో వెయ్యాలి. దాన్ని చదువు పువ్వు అనేవారు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. మా అరుగు మీద చదివేది మా ఆవిడ.

వారపత్రిక రాగానే ఆ రచయిత్రి సీరియల్ పేజీలు కత్తెరతో తీసి పెట్టెలో దాచేది. ఆఖరి భాగం పడ్డాక అన్నీ వరసలో పేర్చి, కుట్టించి, అట్ట వేయించేది. ఈ పేజీల వెనక పత్రికవాళ్ళు ఏది అచ్చేస్తే అది కూడా నవల్లోకి వచ్చేసేది. ప్రేమలేఖ వెనక గోంగూర పచ్చడి, ఇద్దరూ విడిపోయిన చోట వారఫలాలు. మా ఆవిడ వాటి మీంచి తడబడకుండా దాటిపోయేది. చదువుతూ ఏడ్చేది కాదు. వాళ్ళని ఏడిపించేది. సరిగ్గా ఏడుపొచ్చే వాక్యం దగ్గర గొంతు పెంచకుండా, ఇంకా తగ్గించి, నెమ్మది చేసేది. సూదులు ఆగిపోయేవి. దూరంగా రేవులో పంటు కూత ఒకటి వినిపించేది, అవతలి గట్టుకి మనుషుల్నీ సైకిళ్ళనీ దాటించే పంటు.

అవన్నీ నాకెలా తెలుసంటే, ముందుగదిలో అరుగు వైపున్న కిటికీ కింద ఒక పీట ఉండేది. ఆ పీట మీద కూర్చుని, గోడకి వీపు ఆన్చి, పై పంచె నోట్లో కుక్కుకుని వినేవాణ్ణి. నోట్లో పంచె ఎందుకంటే, నా ఏడుపుకి చప్పుడు ఎక్కువ.

చదవడం అయ్యాక మొహం కడుక్కుని, ఆవులిస్తూ బయటికొచ్చేవాణ్ణి. ఇవాళ కన్నీళ్ళు గేజి మీద ఎన్నడుగులొచ్చాయని అడిగేవాణ్ణి. ఆ పనీపాటా లేని మనుషుల ప్రేమలకి మీరు పనులు మానుకుని ఏడవడమేంటని కసిరేవాణ్ణి. మా ఆవిడ పుస్తకం మూసి, "మీకెందుకండీ ఇవన్నీ, వెళ్ళి పడుకోండి" అనేది. ముప్పై ఏళ్ళు ఇదే సంభాషణ.

ఇప్పుడు ఆ నవలల మాట. మనుషులు చులకన చేస్తారు గానీ, లాకులో పనిచేసినవాణ్ణి నాకు తెలుసు ఆ రచయిత్రి పనితనం. పడవ లాకులోకి వచ్చాక ముందు తలుపు వెంటనే తియ్యరు. అటు నీళ్ళు ఎత్తులో ఉంటాయి, ఇటు పల్లంలో. చిన్న తూములోంచి కొంచెం కొంచెంగా వదులుతూ రెండు మట్టాలూ సమానం అయ్యేదాకా ఆగాలి. సమానమయ్యాక తలుపు దానంతటదే వచ్చినట్టు వస్తుంది. తొందరపడి ముందే తీస్తే పడవ బోల్తా. ఆవిడ నవల మొత్తం ఆ ఆగడమే. ఇద్దరి మధ్యా ఒక్క మాట మిగిలిపోయి ఉంటుంది. ఆ అమ్మాయి అభిమానం కొద్దీ అనదు, ఆ అబ్బాయి పొగరు కొద్దీ అనడు. చదివేవాడికి, ఆ ముక్క కాస్తా అని చావరాదా అని ప్రాణం గింజుకుపోతుంది. ఆవిడ మాత్రం తూము ఒక అంగుళం ఎత్తి మళ్ళీ దించేస్తుంది. పేజీల కొద్దీ మనిషిని అలా నిలబెట్టడం చిన్న విద్య కాదు. అరుగు మీద ఆడవాళ్ళకి అది తెలుసు, నాకు తెలుసు. తెలుసని వాళ్ళు చెప్పారు, నేను చెప్పలేదు.

నేను రిటైరైన మరుసటి సంవత్సరం మాట. ఒకనాడు పొద్దున వంటింట్లో పాలగిన్నె పడిన చప్పుడైంది. పిల్లి అనుకుని అక్కణ్ణుంచే అదిలించాను. మళ్ళీ ఏ చప్పుడూ లేకపోతే లేచి వెళ్ళాను. మా ఆవిడ పొయ్యిగట్టుకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరిదో పెట్టినట్టు పడి ఉంది. నా వంక చూస్తూ పెదాలు కదుపుతోంది, మాట రావడం లేదు. ఆ మొహంలో భయం కన్నా ఆశ్చర్యం ఎక్కువ కనబడింది.

భీమవరం తీసుకెళ్ళాం. కుడిపక్క, మాట, రెండూ పోయాయన్నారు డాక్టరుగారు. చెప్పేది అర్థమవుతుంది, తిరిగి చెప్పలేదు. ఇంటికి పంపేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, మాటంటూ వస్తే ఆర్నెల్లలోపే వస్తుందనీ, ఊరుకోకుండా మాట్లాడించమనీ, ఆవిడకి ఇష్టమైనవి చదివి వినిపించమనీ చెప్పారు.

నేను కోరుకున్నది పెద్ద కోరికేం కాదు. వాక్యాలు అక్కర్లేదు. "ఏవండీ" అంటే చాలు. పెళ్ళైన దగ్గర్నుంచీ రోజుకి వందసార్లు విన్న పిలుపు. సగం సార్లు పలకడానికి బద్ధకించి ఊరుకున్నవాణ్ణి, ఆ ఆర్నెల్లూ ఇల్లంతా ఆ ఒక్క మాట కోసం వెతుక్కున్నాను. కేలెండరు మీద రోజులు కొట్టేసేవాణ్ణి. గేజి అలవాటు.

తణుకులో కాపురం ఉంటున్న మా అమ్మాయి నెల్లాళ్ళు ఉండి వెళ్ళింది. తర్వాత ఆదివారం ఆదివారం వచ్చి తలంటిపోసేది. మిగతా రోజులు నేనూ, పక్కింటి అక్కగారూ. అక్కగారంటే నాకు తోడబుట్టింది కాదు. నాకన్నా ఆరేళ్ళు పెద్ద, లేసు జట్టుకి పెత్తందారు, నోటికి మూత లేని మనిషి. నెల తిరిగాక ఆవిడే జట్టుని మళ్ళీ మా అరుగు మీదకి తీసుకొచ్చింది. మా ఆవిడ నవారు మంచం గుమ్మం దగ్గర వేయించింది. బీరువాలోంచి అట్ట వేసిన పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

నేను చదివితే ఈ అరుగు చాలదనీ, వీధిలో షామియానా వేయించాలనీ అన్నాను. తీరా తెరిచాక మొదటి పేజీలో నాలుగోవాక్యం దగ్గరే ఆగిపోయాను. ఎదురుగా అరడజను మంది ఆడవాళ్ళు. వాళ్ళలో ఎదురింటివారి కొత్తకోడలు కూడా ఉంది, నన్ను మావయ్యగారూ అని పిలుస్తుంది. ఆ పిల్ల ముందు, హీరో ఆ అమ్మాయి ముంగురులు సవరించాడని నేనెలా చదివేది?

ఆ నవల మా జట్టుకి ప్రాణం. ట్రంకు కాల్ నవల అనేవాళ్ళం. ఆ అమ్మాయి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తుంది. తల్లి జబ్బు కోసం రోజూ ఊరుగాని ఊరికి కాల్ బుక్ చేసే ఒక అబ్బాయికి లైను కలుపుతుంది. లైను దొరకనప్పుడు ధైర్యం చెబుతుంది. తల్లి పోయిన రోజున ఆ అబ్బాయి ఫోన్లో ఈ అమ్మాయి దగ్గరే ఏడుస్తాడు. మొహాలు తెలీవు. తర్వాత పెద్దలు ఏదో సంబంధం చూస్తే వాళ్ళిద్దరికే పెళ్ళవుతుంది. ఆ గొంతు ఈ అమ్మాయిదే అని అతనికి తెలీదు, ఆ గొంతుని మర్చిపోలేకపోతున్నానని పెళ్ళాంతోనే చెబుతాడు. అప్పుడు ఆ అమ్మాయికి తన గొంతు మీద తనకే అసూయ. నేనే అని ఒక్క ముక్క అంటే అయిపోయేదానికి నవలంతా అనదు. చివరికి అలిగి పుట్టింటికి వెళ్ళిపోతే, అతను ఒక ఉత్తరం రాస్తాడు. ఆ ఉత్తరం ఉన్న అధ్యాయం కోసమే జట్టు ఆ నవలని నాలుగుసార్లు చదివించుకుంది.

నేను దొంగతనం మొదలెట్టాను. చెయ్యి పట్టుకునే చోటు రాగానే హీరోని బస్సెక్కించి ఊరు పంపేసేవాణ్ణి. కళ్ళలోకి చూసుకునే చోట ఇద్దరికీ కాఫీ ఇప్పించి లేపేసేవాణ్ణి. ఒకసారి కంగారులో పేజీ తప్పి వెనక పక్కకి వెళ్ళిపోయి, ఆ అబ్బాయి ఆ అమ్మాయి దగ్గరగా వచ్చి రెండు చెంచాల ఆవాలు వేయించి పొడి చేసుకున్నాడని చదివేశాను. కొత్తకోడలు దారం ఉండ మొహానికి అడ్డం పెట్టుకుంది.

పేజీలు దాటడం ఎవరికీ తెలియదనుకున్నాను. మూడోరోజున అధ్యాయం అవగానే అక్కగారు తన ఒళ్ళో పువ్వులు నేల మీద పరిచింది.

"తమ్ముడుగారూ, ఈ చాప్టరు ఐదు పువ్వులండి. మరదలు ఎప్పుడు చదివినా ఐదు. ఇవాళ మూడున్నరే ఉన్నాయి. మిగతా ఒకటిన్నర మీరు మింగేశారా?"

నేను వేగంగా చదువుతానని బుకాయించాను.

"మీరు చదివేది ఎదురుగాలికి పంటు నడిచినట్టుంటుంది. ఇంకా ఎక్కువ రావాలి గానీ తగ్గడమేంటండి? ఏమ్మా, నీకెన్ని?"

"మూడేనండి, మావయ్యగారు ఆవాలేసిన రోజు రెండే" అంది కొత్తకోడలు.

అధ్యాయాన్ని పువ్వులతో కొలుస్తారని నాకప్పటిదాకా తెలీదు. నీళ్ళు కొలిచి బతికినవాణ్ణి, నన్నే కొలిచేశారు. అప్పుడు మంచం వైపు చూశాను. మా ఆవిడ ఎడమచేతి వేళ్ళు దుప్పటి మీద కదులుతున్నాయి, లాగి ముడేసినట్టు. ఆ వేళ్ళు ఎన్నాళ్ళ నుంచి కదులుతున్నాయో నేను గమనించలేదు. నేను ఎంత దాటేశానో వాళ్ళకి లెక్క తెలిసింది. మా ఆవిడకి ఆ దాటేసిన వాక్యాలే తెలుసు. పుస్తకమంతా కంఠస్థం.

మూడోనెల చివర్లో ఒక మధ్యాహ్నం, నేను మళ్ళీ ఒక ముద్దు దగ్గర తప్పుకోబోతుండగా మంచం మీంచి, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని వినిపించింది. స్పష్టంగా, తన గొంతే. పన్నెండు దాకా వెళ్ళి ఆగింది. పువ్వు మొదటి వరసకి పన్నెండు ముళ్ళు వేస్తారు. అల్లేటప్పుడు పైకి అనుకునే లెక్క అది.

పుస్తకం ఎక్కడ పడేశానో నాకు గుర్తులేదు. వీధిలోకి వెళ్ళి, లాకు దాకా వెళ్ళి, కనపడినవాడికల్లా మా ఆవిడకి మాటొచ్చిందనీ, నన్ను ఏవండీ అని పిలిచిందనీ చెప్పాను. పిలవలేదు. పన్నెండు దాకా లెక్కపెట్టింది, అంతే. నోటికి అలవాటు చొప్పున అబద్ధం వచ్చేసింది. అంత ఇదిగా ఎప్పుడూ ఆడలేదు.

సాయంత్రానికి చూడ్డానికి జనం వచ్చేశారు. లస్కర్లు కూడా వచ్చారు, కొబ్బరిబొండాలు పట్టుకుని. ఏదీ, ఒక్కసారి పిలిపించండి గుమాస్తాగారూ అన్నారు. నేను మంచం పక్కన కూర్చుని, ఏమే, ఒక్కసారి పిలువు అన్నాను. నా మొహంలోకి చూసింది. ప్రయత్నం చేసింది. పెదాలు బిగబట్టి, మెడ నరాలు పొంగించి, ఉన్న బలమంతా పెట్టి, "ఒకటి" అంది. "రెండు" అంది. నేను తల వంచుకున్నాను.

గుమ్మంలోంచి అక్కగారి గొంతు. "మధ్యాహ్నం పిలిచిందండి. మా అందరికీ వినపడింది. ఇప్పుడు అలిసిపోయింది, పడుకోనివ్వండి పాపం." జట్టులో ప్రతి ఒక్కరూ అవునన్నారు. నా అబద్ధానికి అంతమంది సాక్షులు దొరకడం అదే మొదలు. నవ్వు రాలేదు.

అంకెలు అలవాటు కొద్దీ దొర్లుతాయండీ, అది మాటాడ్డం కిందికి రాదు, మాటలుండే చోటు వేరు అన్నారు డాక్టరుగారు. అయినా మానొద్దన్నారు. నేను మానలేదు. తను అంకెల్లోనే కాపురం చేసింది. దాహం వేస్తే ఒకటి రెండు మూడు, కోపం వస్తే ఒకటి రెండు మూడు. ఎప్పుడు దేనికో నేను పట్టుకోవాలి. సగం సార్లు తప్పేవాణ్ణి. నీళ్ళు అడిగితే కిటికీ మూసేవాణ్ణి. అప్పుడు కళ్ళు మూసుకునేది, నన్ను చూడకుండా ఉండడానికి.

ఆర్నెల్లకి ఇంక తొమ్మిది రోజులున్నాయనగా ఉత్తరం అధ్యాయం వచ్చింది, అదీ ఐదు పువ్వులదే. అప్పటికి ఆ నవల నేను చదవడం మూడోసారి. మొదటి రెండుసార్లూ ఆ అధ్యాయం నాడు నాకు జలుబు చేసింది. ఈసారి అక్కగారు పుస్తకం ఇవ్వకముందే, "జలుబు ఉందా తమ్ముడుగారూ?" అని అడిగింది. లేదన్నాను.

ఒక్క అక్షరం దాటకుండా చదివాను. ఉత్తరం రెండున్నర పేజీలు. ఆ గొంతుని మరిచిపోలేను గానీ నువ్వు లేని ఇంట్లో ఆ గొంతు కూడా వినపడటం లేదని అతను రాస్తాడు. మా ఆవిడ చేసినట్టే అక్కడ గొంతు తగ్గించి, నెమ్మది చేశాను. తగ్గించడం నా గొప్ప కాదు, పైకి రాలేదంతే. అరుగు మీద సూదులు ఆగాయి, మళ్ళీ కదిలాయి. మంచం మీద వేళ్ళు ఆగిపోయాయి. నా వంకే చూస్తోంది. ఉత్తరం చివర సంతకం ఉంటుంది. సంతకం చదివి ఊరుకోవలసినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. పుస్తకంలోకే చూస్తూ, చదువుతున్నట్టే, ఇంకా చెప్పుకుంటూ పోయాను.

"ఇన్నేళ్ళూ మధ్యాహ్నాలు నేను నిద్రపోలేదు. నువ్వు చదువుతుంటే కిటికీ కింద కూర్చుని విన్నాను. అన్నీ విన్నాను. కథ కోసం కాదు, నీ గొంతు కోసం. బయటికొచ్చి వెక్కిరించాను. ఇప్పుడు ఎవరు చదువుతారు నాకు?"

ఇంతకన్నా చాలా చెప్పినట్టు గుర్తు. పొడుగ్గా చెప్పాను. అయ్యాక తలెత్తే ధైర్యం లేకపోయింది. కొత్తకోడలు మెల్లిగా, "నాకు ఆరో పువ్వు సగంలో ఉందండీ అత్తయ్యా" అంది అక్కగారితో.

అక్కగారు తల వంచుకుని అల్లుతూనే ఉంది.

మా ఆవిడ ఎడమచెయ్యి చాచింది. పుస్తకం అడుగుతోందనుకుని ఇచ్చాను. పేజీ వెనక్కి తిప్పింది. సంతకం కింద ఉన్న తెల్లటి జాగా మీద వేలు పెట్టి నా వైపు తిప్పింది. మళ్ళీ చదవమని.

అక్కడ ఏముంది చదవడానికి? నేను ఉత్తరం పైనుంచి అందుకుని సంతకం దాకా చదివి ఆపాను. "ఒకటి రెండు మూడు నాలుగు" అంది, కోపంగా. వేలుతో ఆ ఖాళీ జాగాని పొడిచింది. మళ్ళీ పొడిచింది. ఇందాక ధారగా వచ్చిన మాటలు ఇప్పుడు ఒక్కటీ రావడం లేదు. పుస్తకంలోకి చూస్తే తెల్లకాగితం, తన మొహంలోకి చూస్తే నోరు పెగలదు. ముప్పై ఏళ్ళు అబద్ధాలు ఆడిన నోరు, ఒక్క నిజాన్ని రెండోసారి చెప్పలేకపోయింది. కళ్ళు మండుతున్నాయనీ, రేపు చదువుతాననీ అన్నాను.

తను మొహం గోడవైపు తిప్పేసుకుంది.

ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. చదువు పువ్వులు బుట్టలో వేశారు. అక్కగారు ఆఖరున లేచింది. తన చేతిలో అల్లడం పూర్తిచేసిన ఆరో పువ్వు బుట్టలో వెయ్యకుండా, మా ఆవిడ ఎడమ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. మెట్లు దిగుతూ నాతో అంది:

"ఆ కిటికీ కింద పీట ఎవరు వేశారనుకున్నారు తమ్ముడుగారూ?"

ఆ పీట. ఇల్లు ఊడ్చినా, కడిగినా, సున్నాలు వేసినా మళ్ళీ అక్కడే ఉండే పీట. దాని పక్కన రోజూ పళ్ళెం మూత పెట్టిన మజ్జిగ గ్లాసు. నిద్రపోయేవాడికి కిటికీ కింద మజ్జిగ ఎందుకని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. తాగి, గ్లాసు అక్కడే పెట్టేసి, మొహం కడుక్కుని, వెక్కిరించడానికి వెళ్ళేవాణ్ణి. తను కిటికీకి దగ్గరగా, కిటికీ వైపే మొహం పెట్టి కూర్చుని చదివేది. వెలుతురు అటు ఉండదు. అది కూడా అప్పుడే తట్టింది.

మర్నాడు పొద్దున పెన్సిల్ చెక్కుకుని, సంతకం కింద తెల్లజాగాలో ఆ మాటలు రాశాను. ముందురోజు చెప్పినన్ని లేవు, అక్కడ పట్టినన్నే రాశాను. రిజిస్టర్లో రాసే చిన్నఅక్షరాలు నాకు అలవాటే. మధ్యాహ్నం జట్టు కూర్చున్నాక, పుస్తకంలో ఉన్నదే చదివినట్టు చదివాను. కాగితం మీద ఉంటే చదవగలను. తను కళ్ళు మూసుకుని వింది. ఆ పూట ఒక్క అంకె కూడా అనలేదు. అధ్యాయం ఆరు పువ్వులైంది. అప్పణ్ణుంచీ మా జట్టులో దానికి ఆరే లెక్క.

తొమ్మిది రోజులూ అయిపోయాయి. కేలెండరు మీద ఆఖరి గడి కొట్టేసి, పొద్దున్నుంచీ మంచం పక్కనే కూర్చున్నాను. ఏవండీ రాలేదు. పదో రోజు రాలేదు. తర్వాత నాలుగేళ్ళు బతికింది, రాలేదు. మా ఆవిడ చివర్లో మాట్లాడిందనీ, నా పేరు పెట్టి పిలిచిందనీ కొందరితో చెప్పాను. మీకు చెప్పను.

తనకి కావలసినప్పుడు ఆ పుస్తకం తనే లాక్కునేది. సరిగ్గా ఆ పేజీకే తెరిచేది, అట్ట అక్కడ విరిగిపోయి దానంతటదే తెరుచుకునేది. వేలు పెట్టి నా వైపు తిప్పేది. నేను చదివేవాణ్ణి. ఎన్నోసారికో నాకూ కంఠస్థం వచ్చేసింది, అయినా పుస్తకంలోకే చూస్తూ చదివేవాణ్ణి. ఒక్కసారైనా తలెత్తి, తన మొహంలోకి చూసి చెప్పి ఉండాల్సింది. ఆ నవలలన్నీ విన్నవాణ్ణి, ఆ ఒక్క మాట అనక మనుషులు ఏమైపోతారో అన్నిసార్లు ఏడ్చినవాణ్ణి, అంతకన్నా చెయ్యలేకపోయాను.

చదువు పువ్వులు బిస్కెట్ డబ్బాలో అలాగే ఉన్నాయి. అతకడానికి తన చెయ్యి లేదు, ఇంకొకళ్ళ చేత అతికించడం నాకిష్టం లేకపోయింది. అడిగినవాళ్ళకి వెయ్యి పువ్వులని చెబుతాను. ఎంచలేదు.

పెన్సిల్ రాత కదా, వేలు పెట్టిపెట్టి అలుక్కుపోయేది. మాటలు కనపడకుండా పోయినప్పుడల్లా మళ్ళీ పెన్సిల్ చెక్కి పైనుంచి దిద్దేవాణ్ణి. అలా రెండుసార్లు దిద్దాను.

రెండుసార్లు కాదు, ఒక్కసారే. రెండోసారికి పెన్సిల్ చెక్కి పుస్తకంలో పెట్టాను. ఇంకా అందులోనే ఉంది.